ఎడమ పక్క

నా భార్య చనిపోబోతోందని నాకు తప్ప అందరికీ తెలుసు. మా అమ్మాయికి తెలుసు. అమ్మాయి ఆఫీసులో ఆవిడను మైకు ముందు కూర్చోబెట్టి మాటలు ఎక్కించుకున్న ఆయనకు తెలుసు. ఆ ఆఫీసు యజమానికి తెలుసు. డాక్టరుకు ఎలాగూ తెలుసు. నాకు ఆస్పత్రి వరండాలో తెలిసింది. అప్పటికి ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జరిగింది ఇది.

కిందటి వారం రాసినదాంట్లో నేను ఆ ఆఫీసు మెట్ల దగ్గర ఆగాను. అక్కడిదాకా ఎందుకు వెళ్ళానో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. మా అమ్మాయి వీడియో గేములు తయారుచేసే చోట పనిచేస్తుంది. ఆటలో మనుషులు ఏం మాట్లాడాలో రాయడం దాని ఉద్యోగం. వాళ్ళు చేసిన ఒక ఆటలో పడవ నడిపే ముసలమ్మ ఉంది. ఆ ముసలమ్మకు గొంతు ఇచ్చింది మా ఆవిడ. పసిపిల్లల బడిలో ఆయాగా చేసేది. మధ్యాహ్నాలు కథ చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చడంలో ఆవిడకు పేరుండేది. ఆ గొంతు అమ్మాయి ఆటకు పనికొచ్చింది. ఆట జనంలోకి వెళ్ళింది. ఇప్పుడు రెండో భాగం తయారవుతోంది. దానికి ముసలమ్మ కావాలి. మనిషి లేదు.

అందుకు వాళ్ళు రెండు దారులు చూశారు. మా ఆవిడ చెప్పిన పాత మాటలు యంత్రానికి వినిపిస్తే అది ఆ గొంతు నేర్చుకుని, ఏది రాసిస్తే అది ఆవిడలాగే చదువుతుందట. అది ఒక దారి. రెండోది, ఇంకొకామెను తెచ్చి చెప్పించడం. అప్పుడు రెండు భాగాల్లో గొంతు ఒకటే ఉండాలి కాబట్టి మొదటి భాగంలోంచి కూడా మా ఆవిడను తీసేస్తారు. ఏది చెయ్యాలన్నా నా మాట కావాలి. ముసలమ్మ వేషం మొదలుపెట్టిన రోజే ఆవిడ యజమానితో చెప్పిందట, నా తర్వాత నా గొంతు సంగతి ఆయన్నే అడగాలని. చావు సంగతి నాకు చెప్పలేదు. గొంతు మాత్రం నాకు వదిలింది.

నేను వద్దని చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ అనని మాట ఆవిడ నోట రావడానికి వీల్లేదు. దానివల్ల గొంతు పోతే పోనీ. మనిషే పోయింది.

లిఫ్టు ఉంది. నాకు లిఫ్టులంటే నమ్మకం లేదు. మెట్లెక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. లోపల పట్టపగలు కిటికీలకు పరదాలు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అందరూ తెరల్లోకి చూస్తున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. నేను మా అమ్మాయి ఎక్కడని అడిగాను. అందరూ ఉలిక్కిపడి లేచారు. నా గొంతు అంతే. బతుకంతా పిండిమర ఆడించినవాణ్ణి. మర మోటారు నా ఎడమ పక్క ఉండేది. ఆ చెవి ఎప్పుడో పోయింది. కుడిచెవితో నెట్టుకొస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా నాతో పని పడితే కుడి పక్కకు వచ్చి చెప్పేవాళ్ళు.

యజమాని ఎదురొచ్చాడు. మా అమ్మాయికన్నా చిన్నవాడు. అంకుల్ అన్నాడు. నాకు అతనితో ఏ చుట్టరికమూ లేదు. టీ తెప్పించి, ముసలమ్మ గురించి జనం ఏమేం రాస్తున్నారో చెప్పుకుంటూ పోయాడు. ఆ అలసట అంత సహజంగా ఎలా నటించారని అందరూ అడుగుతున్నారట. అనేశాక నా మొహం చూశాడు. తన కప్పులోకి చూసుకున్నాడు. ఫోను మోగకపోయినా ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ పోయాక మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. గ్యాసు ఉందా, మందులు ఉన్నాయా, అంతవరకే. అది చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా ఉంది. నేను అడగలేదు. అది చెప్పలేదు. కుడి పక్కకు వచ్చి నిలబడింది.

"వద్దనే కదా చెప్పడానికొచ్చావు?" అంది.

"అందుకే."

"వద్దంటే వద్దు నాన్నా. కానీ చూడకుండా అనకు. ఒకసారి ఆడి చూసి అను."

నేను పేకాటే ఆడలేదన్నాను. ఇది దానికన్నా తేలిక అంది. అబద్ధం.

ఆట సంగతి చెబుతాను, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. దొరల కాలం. ఓడల్లో దిగారు, కోట కట్టారు, చెరకుతోటలు వేశారు. ఇప్పుడు నేలను కొలవడానికి ఇనుప గొలుసు తెచ్చారు. ఆ గొలుసు పడిన చోటల్లా నేలకు నోరు పడిపోతుంది. అంతకుముందు చెట్టు మాట్లాడేది, గుట్ట మాట్లాడేది, బండ కింద ఉన్నదేదో మాట్లాడేది. గొలుసు తగిలాక మూగవి. ఆడేవాడు ఆ గొలుసు మోసే కూలీ. ఒకరోజు గొలుసు భుజాన వేసుకుని పారిపోతాడు. వెనక గుర్రాల మీద సిపాయిలు. ముందు ఏరు. దొరలు ఏటిని ఇంకా కొలవలేదు, అందుకని ఏరు ఇంకా మాట్లాడుతుంది. ఏటి తరఫున మాట్లాడేది పడవ ముసలమ్మ. మొదటి భాగం చివర గొలుసు ఏటిదాకా వస్తుంది. ఇదంతా రాసింది మా అమ్మాయి. మర దగ్గర బస్తా మీద కూర్చుని బడి పాఠాలు చదువుకున్న పిల్ల. ఇన్ని అబద్ధాలు ఎక్కడ నేర్చిందో తెలియదు.

ఆడేకొద్దీ ఆ కూలీకి బలం పెరుగుతుందట, కత్తి పట్టడం వస్తుందట, మంత్రాలు వస్తాయట. నా కూలీకి ఏమీ రాలేదు. చేతిలో పెట్టిన దానికి గోళీల్లాంటి బటన్లు చాలా ఉన్నాయి. ఏది నొక్కినా వాడు ఎగిరేవాడు. పొదలో ఇరుక్కున్నాడు. సిపాయిల చేతిలో చచ్చాడు. ఏట్లో పడి చచ్చాడు. ఒకసారి ఎవరూ ఏమీ చెయ్యకుండానే కోట మెట్ల మీంచి జారి చచ్చాడు. చచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి ఒకే మాట అంది.

"ఫర్వాలేదు నాన్నా, మళ్ళీ లేస్తాడు."

ఆ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చనిది అదే.

చివరికి అమ్మాయే నా వేళ్ళ మీద వేళ్ళు పెట్టి రేవుదాకా నడిపించింది. తర్వాత చెయ్యి తీసేసి, హెడ్‌ఫోన్లు నా తలకు సరిగ్గా తగిలించింది. ఎడమచెవికి ఎందుకు, దండగ అన్నాను. ఉండనీ అంది. తాను వినడానికి ఇంకొకటి పెట్టుకుంది.

పొగమంచులోంచి పడవ వచ్చింది. ముసలమ్మ మొహం మా ఆవిడ మొహం కాదు. ఎవరో గీసిన మొహం. నోరు తెరిచింది.

"ఏం నాయనా... ఎక్కణ్ణుంచి... పారిపోయొస్తున్నావు?"

నా చేతిలోది జారింది. అమ్మాయి పట్టుకుంది.

ఆవిడ నా కుడిచెవిలో ఉంది. కాపురం చేసినన్నేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఇంట్లో గుసగుసలకు చోటు లేదు, నాకు వినపడవు కాబట్టి. కేక వేసి చెప్పాల్సినవే చెప్పుకున్నాం. ఇది కేక కాదు. మాటకీ మాటకీ మధ్య ఇంకేదో చప్పుడు ఉంది, రంపం మెల్లగా లాగినట్టు. అదేమిటని అడిగాను.

"ఊపిరి నాన్నా."

ఎవరిదని అడిగాను. అమ్మది అంది.

మామూలుగా ఈ పనిలో ఊపిరి ఉంచరట. మాటలు ఎక్కించాక మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుళ్ళన్నీ కోసేసి శుభ్రం చేస్తారు. సౌండు మనిషికి రోజులో సగం పని అదే. అతణ్ణి ఆఫీసులో గప్‌చుప్ అంటారు, నోరు తెరిస్తే అందర్నీ నోరు ముయ్యమనడానికే తెరుస్తాడని. ముసలమ్మ మాటలు శుభ్రం చేస్తూ చేస్తూ అతను ఆగిపోయాడట. తెడ్డు వేసే మనిషికి ఆయాసం ఉంటుంది, ఉండనిద్దాం అన్నాడట. అలా ఉంచేశారు. జనం అదే నటన అనుకున్నారు.

"అది తెడ్డుది కాదు" అన్నాను.

"కాదు. అప్పటికే అమ్మకు..." అని ఆగిపోయింది.

ఇంట్లో ఆ చప్పుడు నేను ఒక్కసారీ వినలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది. పక్కనే పడుకున్న మనిషి. మరీ అంత చెవిటివాణ్ణి కాను.

తెర మీద మూడు జవాబులు వచ్చాయి. కూలీ వాటిలో ఒకటి అనాలి. నన్ను దాటించు అన్నది మొదటిది. నిన్ను నమ్మను అన్నది రెండోది. నా మీద కోపమా అన్నది మూడోది. మూడోది నొక్కమంది అమ్మాయి. నేను నొక్కలేదు. మొండితనం కాదు. చేతులు తొడల మీద పెట్టుకుని అలా ఉండిపోయాను. కూలీ కూడా నాలాగే కదలకుండా నిలబడిపోయాడు.

"నొక్కు నాన్నా. మూడోది" అంది మళ్ళీ. గొంతులో కంగారు ఉంది.

ముసలమ్మ తెడ్డు పక్కన పెట్టింది. నా వైపు చూసింది.

"నిలబడ్డాడు చూడు... కదలడు, మాట్లాడడు. మా ఇంట్లోనూ ఉన్నాడు... ఇలాంటివాడు."

నేను అమ్మాయి వైపు తిరిగాను. అది తల దించుకుంది. అవి ఊరికే మాటలు నాన్నా అంది. ఆడేవాడు జవాబు చెప్పకుండా నిలబడితే ముసలమ్మ ఏదో ఒకటి అనాలి కదా, వాటిని ఊరికే మాటలు అంటారట. ఆ మాటలు ఎవరూ రాయలేదు. ఎదురుగా ఒక మనిషి నోరు మూసుకుని నిలబడ్డాడు, మీకేం తోస్తే అది అనండి అన్నాడట గప్‌చుప్. ఆవిడ నవ్వి, ఆ మనిషి నాకు తెలుసులే అందట. ఆడేవాళ్ళకు తొందర. రేవు దగ్గర ఎవడూ నిలబడడు. అందుకని ఆ మాటలు ఆటలో ఉన్నా ఇంతవరకూ బయట విన్నవాళ్ళు లేరు.

ముసలమ్మ మళ్ళీ మాట్లాడింది. ఈసారి నాయనా అనలేదు.

"ఏమయ్యా, కాళ్ళు లాగట్లేదా? కూర్చో... కూర్చోమంటే కూర్చునే రకమా నువ్వు."

నీళ్ళ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకున్నాను.

"నీకో సంగతి చెప్పాలి. చెబితే అరుస్తావు... జబ్బు మీద అరవలేవుగా. డాక్టరు మీద అరుస్తావు... పిల్ల మీద అరుస్తావు. నీ అరుపులు సర్దడానికి ఓపిక కావాలి. నాకు... ఉన్నదే కాస్త. అది నాకు కావాలయ్యా."

మళ్ళీ నీళ్ళు.

"అందుకే పక్క మార్చాను. నీ చెవుడు... ఇన్నాళ్ళకు నాకు పనికొచ్చింది."

నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గును కూడా ఉంచారు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నా కుడి పక్కన పడుకుంది. చివరి ఏడాది ఒకరోజు దిండు తీసుకుని ఎడమ పక్కకు వచ్చింది. ఫ్యాను గాలి నేరుగా తగులుతోంది, తల బరువెక్కుతోంది, అటు జరుగు అంది. జరిగాను. మంచం మీద ఎవరు ఎటు పడుకుంటే ఏమిటని ఎవడు ఆలోచిస్తాడు? ఎడమ పక్కన ఆవిడ రోజూ ఊపిరి కోసం పెనుగులాడింది. నేను అవతలికి తిరిగి పడుకున్నాను, నా మంచి చెవి దిండులో ఉంది.

ఇది తెలివి. ఇంకో పేరు పెట్టను. కానీ ఆ తెలివిని నా మీద వాడింది. నేను క్షమించలేదు, ఇప్పటికీ.

అప్పుడు మూడోది నొక్కాను. అమ్మాయి చెప్పిందని కాదు. ఆవిడ ఇంకా ఏమంటుందో చూద్దామని.

ముసలమ్మ తెడ్డు అందుకుంది.

"కోపమెందుకు నాయనా, నీ తప్పేముంది ఇందులో, నువ్వు నాకు ఏ లోటూ చెయ్యలేదు, మనసులో ఏమీ పెట్టుకోకుండా హాయిగా ఉండు."

ఆవిడ గొంతే. సందేహం లేదు. పిల్లలకు కథ చెప్పేటప్పటి మెత్తదనం కూడా అదే. మళ్ళీ వినిపించమన్నాను. వినిపించింది. ఇంకోసారి అన్నాను. అప్పటికి అమ్మాయి నా మొహంలోకి చూడటం మానేసింది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

"ఊపిరేది?"

అమ్మాయి తెర వైపు తిరిగింది.

"నిన్నే అడిగేది. అంత పొడుగు మాటకు ఊపిరేది?"

"గప్‌చుప్ కోసేసి ఉంటాడు నాన్నా."

"అన్నిటికీ ఉంచి దీనికి ఒక్కదానికే కోశాడా?"

అది కుర్చీలో కూలబడింది. ఆ మాట యంత్రం చేత చెప్పించానంది. జనం దగ్గరున్న ఆటలో లేదట. ఈ గదిలో ఉన్నదాంట్లో మాత్రమే పెట్టిందట, నా కోసం.

"అమ్మ ఉంటే అదే అనేది" అంది.

"ఉంటే అనేదేమో. అనలేదు."

"నీకు ఆ మాట కావాలనుకున్నా నాన్నా. నువ్వు నిద్రపోవట్లేదని పక్కింటావిడ ఫోను చేసింది."

"నాకు కావాల్సింది వండి పెట్టడానికి నువ్వెవరు? ఆవిడ దాచింది. నువ్వు కల్పించావు. మీ ఇద్దరి మధ్య నేనేం గంగిరెద్దునా?"

నా అరుపుకి అవతల గదుల్లో వాళ్ళు హెడ్‌ఫోన్లు తీసి ఉంటారు. అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. చాలా అలిసిపోయినదానిలా మాట్లాడింది.

"అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. నీకు చెబితే అమ్మకు ద్రోహం. అమ్మ మాట వింటే నీకు. ఆవిడ చక్కగా వెళ్ళిపోయింది. నన్ను నీ ఎదురుగా వదిలి వెళ్ళిపోయింది. ఏం చెయ్యమంటావు చెప్పు."

"నాకు చెప్పాల్సింది."

"అమ్మ వద్దంది."

"అయినా చెప్పాల్సింది."

"మళ్ళీ అడిగినా ఇదే అంటావు కదూ?"

"ఇదే అంటాను."

అది తల ఊపింది. ఆ జవాబు దానికి ముందే తెలుసు.

తలుపు దగ్గర ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెడలో హెడ్‌ఫోన్లు. తన గది తలుపుకు అంత మందాన దూది కొట్టించుకున్నా నా గొంతు లోపలికి వచ్చిందన్నాడు. ఇతనే గప్‌చుప్. వచ్చి బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి ఆ మూడోది నొక్కి ముసలమ్మ మాట తానూ విన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"పొరపాటు నాదే బావగారూ" అన్నాడు. "యంత్రానికి ఇచ్చేముందు అక్క మాటలన్నీ శుభ్రం చేసిచ్చాను. అలవాటు. ఊపిరి కోసిన మాటలే విన్నది అది. దానికి ఊపిరి తీసుకోవడం ఎక్కడొస్తుంది?"

నేను బావగారిని ఎప్పుడయ్యానని అడిగాను. ఆవిడను అక్కా అని పిలిచాడట, కాబట్టి నేను బావగారినేనట. ఈ ఆఫీసులో అడుగడుక్కీ చుట్టాలు.

ఒక్క నిమిషం నా గదిలోకి రండి, మీరొక్కరే అన్నాడు. అమ్మాయి లేవబోయింది. అతను చేత్తో వద్దన్నాడు.

గది చిన్నది. గోడలన్నీ మెత్తటివి. లోపలికి వెళ్ళగానే నా చప్పుడు నాకే వినపడటం మానేసింది. మధ్యలో మైకు, దాని ముందు ఒక కుర్చీ. కుర్చీ మీద మా ఇంటి దిండు. ఆవిడ పాత చీర చించి గలీబు కుట్టింది. అది ఇంట్లో కనపడకపోతే పారేసిందనుకున్నాను. గప్‌చుప్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాట్లాడలేదు. కూర్చోండి అని కూడా అనలేదు. పిలిచిన మనిషి మర్యాదకైనా అంటాడు. నేనూ నిలబడ్డాను. కాసేపటికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. కూర్చున్నాను.

అప్పుడు అతను తలుపు మూశాడు.

చివరి రోజు పని అయిపోయాక ఆవిడ మైకు ఆపొద్దని చెప్పి అతణ్ణి బయటికి వెళ్ళమందట. వెళ్ళాడట. కాసేపటికి తలుపు తీసి, ఇది ఆయనది అందట. పిల్లకు వద్దు. పిలిచి ఇవ్వొద్దు. ఆయన ఎప్పుడైనా వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటే వినిపించు, నువ్వు మాత్రం కూర్చోమనకు, అంటే కూర్చోడు.

"విన్నావా?" అని అడిగాను.

"లేదు బావగారూ. ఈ గదిలో ఎక్కించి నేను విననిది ఇదొక్కటే."

హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చి అతను వెళ్ళిపోయాడు.

విన్నాను. ఆవిడ ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా నేనూ ఆగాను. అయిపోయాక హెడ్‌ఫోన్లు దిండు మీద పెట్టాను. తర్వాత తలుపు తీసి అతణ్ణి పిలిచి, తుడిచెయ్ అన్నాను.

"బావగారూ, ఇంకొకటి లేదు. ఇదొక్కటే."

"తెలుసు. తుడిచెయ్."

అతను నా మొహం చూశాడు. నా ఎదురుగానే తుడిచేశాడు. బయటికొస్తుంటే అడిగాను, కోసిన ఊపిర్లు ఏం చేస్తావని. పారెయ్యను, ఏదో ఒకదానికి పనికొస్తాయని దాస్తాను అన్నాడు. ఈ ముసలమ్మ కన్నా ముందు ఆవిడ చెప్పిన చిన్నచిన్న వేషాలవి కూడా ఉన్నాయట. ఆరోగ్యంగా ఉన్నప్పటివి.

అమ్మాయి వరండాలో గోడకు ఆనుకుని ఉంది. దానితో చెప్పాల్సింది చెప్పాను. యంత్రం వద్దు. ఇంకొకామె వద్దు. ఆ మూడో జవాబు ఇప్పుడే తీసెయ్. రెండో భాగంలో ముసలమ్మ ఉంటుంది, పడవ వేస్తుంది, మాట్లాడదు. గప్‌చుప్ దాచిన ఆ ఊపిర్లు తీసుకుంటుంది, అంతే.

"మాట్లాడని ముసలమ్మా?" అంది.

"మొదటి దాని చివర గొలుసు ఏటిదాకా వస్తుందన్నావు. ఏటిని కొలిచాక ఏటికి నోరుంటుందా? నువ్వు రాసిందేగా."

అది నా వైపు చాలాసేపు చూసింది. మర దగ్గర బస్తా మీద కూర్చుని, లెక్క తేలినప్పుడు ఇలాగే చూసేది. యజమాని ఒప్పుకోడేమో అంది. ఒప్పుకోకపోతే ఆ రెండు దారులూ లేవని చెప్పు అన్నాను. రేపు చెబుతానంది.

మెట్ల వైపు తిరిగాను. అది కుడి పక్కకు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"లోపల ఏముంది నాన్నా?"

ఒక మెట్టు దిగబోయాను.

"అమ్మే కదా? ఏమంది? నా గురించి ఏమైనా అందా?"

"అంది" అన్నాను.

"ఏమంది?"

చెయ్యి విడిపించుకున్నాను. అది వదలలేదు. మళ్ళీ విడిపించుకున్నాను. చెప్పను అన్నాను. ఇప్పుడు కాదు, తర్వాతా కాదు. నేను పోయేముందు చెబుతానని కూడా పెట్టుకోకు అన్నాను. దాని మొహం ఎలా అయిందో చూశాను. ఆస్పత్రి వరండాలో నా మొహం కూడా అలాగే అయి ఉంటుంది. అప్పుడు నా మొహం చూసింది అమ్మాయే.

కిందికి దిగాను. మా ఇంటి వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. రోడ్డు దాటి అవతలి వైపు బస్సు కోసం నిలబడ్డాను. ఆవిడ చెప్పినదాంట్లో నేను చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. చేస్తాను. ఎందుకు చేస్తున్నానో ఎవరికీ చెప్పను. పైన మూడో అంతస్తులో ఎవరో పరదా పక్కకు లాగారు. నేను తలెత్తలేదు.

నాకు తప్ప అందరికీ తెలిసింది ఒకటి ఉండేది. ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియనిది ఒకటి ఉంది. ఆ గదిలో విన్నదాని గురించి ఇక నోరెత్తను. అమ్మాయి అడిగినా ఎత్తను. ఇదంతా చదువుతున్న మీరు అడిగినా ఎత్తను.